పాతబడిన ప్రయాణికుల విమానాలు సరకు సంస్థల చేతికి వెళ్తే భద్రత మాటేమిటి?

ప్రశ్న: ఆకాశదీపం

కొన్నేళ్ల క్రితం నేను ఒకే మార్గంలో పలుమార్లు ప్రయాణించిన బోయింగ్ 767 విమానం ఒకటి ఇప్పుడు సరకు రవాణా సంస్థ చేతిలో ఉందని ఇటీవల తెలిసింది. ఫొటో కూడా చూశాను. రంగు మారిపోయింది, కిటికీలన్నీ మూసుకుపోయాయి, ఎడమ రెక్కకు ముందు భాగంలో గోడంత తలుపు వచ్చింది. నేను కూర్చున్న చోట ఇప్పుడు పెట్టెలు ఉంటాయి. మనసుకు ఏదోలా అనిపించిన మాట నిజమే గాని, నా సందేహం అది కాదు.

ప్రయాణికులను ఎక్కించుకోవడానికి పాతబడిపోయిందని ఒక సంస్థ వదిలించుకున్న విమానం సరకు మోయడానికి మాత్రం ఎలా పనికొస్తుంది? పెట్టెలకు ప్రాణం లేదు కాబట్టి ఫరవాలేదన్న లెక్క ఎక్కడైనా ఉందా? కాక్‌పిట్‌లో మనుషులుంటారు, కింద ఊళ్లుంటాయి కదా. 2025 నవంబరు 4న అమెరికాలోని లూయీవిల్‌లో యూపీఎస్ సంస్థకు చెందిన ఎండీ-11 సరకు విమానం టేకాఫ్ అవుతూనే కూలిపోయినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అంత పెద్ద సంస్థలు కొత్త విమానాలే ఎందుకు కొనుక్కోవు? మార్పిడి పేరుతో విమానానికి నిజంగా ఏం చేస్తారు? ఈ రంగంలో పనిచేసినవారు కొంచెం వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: హ్యాంగర్ రాత్రిపాళీ

ఆకాశదీపం గారూ, విమాన నిర్వహణలో చాలాకాలం పనిచేశాను, అందులో కొన్నేళ్లు మార్పిడి పనుల మీదే గడిచాయి. కాబట్టి మీ ప్రశ్నలో నాకు తెలిసిన భాగానికి జవాబు చెబుతాను. డబ్బు లెక్కలు తెలిసినవారు వేరే ఉంటారు.

ముందుగా "పాతబడింది" అన్న మాట సంగతి. ప్రయాణికుల సంస్థ ఒక విమానాన్ని అమ్మేటప్పుడు దాని లోహం అరిగిపోయిందని అమ్మడం చాలా అరుదు. అదే దూరానికి తక్కువ ఇంధనం తాగే కొత్త నమూనా రావడం, సీట్లూ తెరలూ మార్చడానికి పెద్ద ఖర్చు ఎదురుగా ఉండటం, మరుసటి భారీ తనిఖీ గడువు దగ్గరపడటం, ఈ మూడూ ఒకేసారి కలిసొచ్చినప్పుడు అమ్మకానికి పెడతారు. సాధారణంగా అప్పటికి విమానానికి 15 నుంచి 20 ఏళ్లు నిండుతాయి.

లోహానికి సంబంధించినంత వరకు ఏళ్ల లెక్క సగం మాత్రమే నిజం. మేము చూసేది సైకిళ్లను, అంటే ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒకటి. విమానం పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి పీడనానికి మొండెం రవ్వంత ఉబ్బుతుంది, దిగినప్పుడు మళ్లీ మామూలవుతుంది. ఒకే తీగను పదేపదే వంచితే తెగినట్టు, ఈ ఉబ్బడం తగ్గడం వేలసార్లు జరిగాక రివెట్ల రంధ్రాల అంచుల్లో కంటికి కనబడని పగుళ్లు మొదలవుతాయి. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య ఎగురుతున్న అలోహా సంస్థ బోయింగ్ 737కు 24,000 అడుగుల ఎత్తులో ముందు భాగపు పైకప్పు ఊడిపోయింది, క్యాబిన్ సిబ్బందిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ విమానం వయసు 19 ఏళ్లే. కానీ దీవుల మధ్య పొట్టి ప్రయాణాలు కావడంతో అప్పటికే అది 89,680 సైకిళ్లు పూర్తిచేసింది, అంటే సగటున రోజుకు దాదాపు పదమూడు. పైగా ఉప్పుగాలి. మీరు ఎక్కిన 767 దూరప్రయాణాలు చేసేదైతే, రోజుకు రెండు చొప్పున ఇరవై ఏళ్లు తిరిగినా 15,000 సైకిళ్లు కూడా దాటదు. ఇద్దరి వయసూ ఒకటే అయినా ఒంట్లో సత్తువ ఒకటి కాదన్నమాట.

అలోహా ప్రమాదం తరవాతే ముసలి విమానాలకు ప్రత్యేక తనిఖీల పద్ధతి గట్టిపడింది. 2010లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మరో అడుగు వేసి, పెద్ద విమానాల ప్రతి నమూనాకూ ఇన్ని సైకిళ్లు లేదా ఇన్ని గంటలు దాటితే ఎగరకూడదన్న హద్దును తయారీదారు నిర్ణయించి తీరాలని నిబంధన తెచ్చింది. మనుషులను మోసినా, మామిడిపండ్లను మోసినా ఆ హద్దు ఒక్కటే. పెట్టెలకు ప్రాణం లేదన్న సడలింపు ఆ నిబంధనలో లేదు.

ఇక మార్పిడి. విమానం మా దగ్గరికి వచ్చాక మొదటి వారమంతా విప్పడమే. సీట్లు, తల మీది సామాను అరలు, వంటగదులు, మరుగుదొడ్లు, లోపలి గోడల పలకలు, తివాచీ, అన్నీ బయటికి వస్తాయి. అప్పుడు బయటపడేదే విమానం అసలు ముఖం. వంటగది ఉన్నచోట, మరుగుదొడ్డి ఉన్నచోట నేల పలక ఎత్తితే కింది దూలాల మీద తెల్లటి పొడిలా తుప్పు పేరుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి ఒలికిన కాఫీ, పళ్లరసం, నీళ్లు సందుల్లోంచి దిగి చేసిన పని అది. ప్రయాణికుల సేవలో ఉన్నన్నాళ్లు భారీ తనిఖీలప్పుడు తప్ప ఆ చోటు వెలుగు చూడదు. మార్పిడిలో ప్రతి దూలాన్నీ చూస్తాము, గీకుతాము, అవసరమైతే మార్చేస్తాము. విమానం గురించి నాకు ఎక్కువ ధైర్యం కలిగేది ఈ దశలోనే అని మనస్ఫూర్తిగా చెప్పగలను.

ఆ తరవాత తలుపు. మొండెంలో అంత పెద్ద రంధ్రం కోస్తే ఆకారం పక్కకు జారే ప్రమాదం ఉంది, అందుకని ముందుగా విమానాన్ని జాకీల మీద లేపి, మట్టం సరిచూసి, ఊతకోలల మీద బిగించి పెడతారు. కోత పూర్తయ్యేదాకా ఆ ఊతాలను ఎవరూ కదిలించరు. 737 లాంటి చిన్న విమానానికి కూడా ఈ తలుపు దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకు పైగా ఎత్తు ఉంటుంది. కోసిన చోట పోయిన బలాన్ని తిరిగి ఇవ్వడానికి చుట్టూ మందపాటి చట్రం అమరుస్తారు. నేల దూలాలను బలపరుస్తారు, ఎందుకంటే సీట్ల వరస బరువు వేరు, ఒకే చోట కూర్చునే ప్యాలెట్ (సరకు పేర్చిన పెద్ద పలక) బరువు వేరు. కిటికీల స్థానంలో అల్యూమినియం బిళ్లలు పడతాయి. కాక్‌పిట్ వెనక ఒక దృఢమైన అడ్డుగోడ వస్తుంది. విమానం ఒక్కసారిగా ఆగిపోతే ముందుకు దూసుకొచ్చే సరకును, గురుత్వాకర్షణకు 9 రెట్ల బలంతో కొట్టినా ఆపగలిగేలా దాన్ని రూపొందిస్తారు. ఈ మార్పులన్నిటికీ అనుబంధ టైప్ సర్టిఫికెట్ అనే అనుమతి ఉండాలి. అది లేకుండా ఎవరికి తోచినట్టు వారు కోయడానికి వీల్లేదు. చిన్న విమానానికి మొత్తం పని మూడు నాలుగు నెలలు పడుతుంది.

జవాబు: లీజు లెక్కలు

పై జవాబు చదివాక ఆ భాగంలో నేను చేర్చవలసింది ఏమీ కనబడలేదు. "కొత్తవి ఎందుకు కొనరు" అన్న ప్రశ్నకు మాత్రం నేను చెబుతాను.

కొత్త విమానం కొనడానికి ఖరీదు ఎక్కువ, నడపడానికి ఇంధన ఖర్చు తక్కువ. పాతది సరిగ్గా తలకిందులు. కాబట్టి ఏది లాభమన్నది అది రోజుకు ఎన్ని గంటలు ఎగురుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. ప్రయాణికుల విమానం రోజుకు పది పన్నెండు గంటలు గాలిలో ఉండాలి, లేకపోతే కొన్న అప్పు తీరదు, అన్ని గంటలు ఎగిరేదానికి ఇంధనంలో ప్రతి శాతం పొదుపూ పెద్ద మొత్తమే. పార్సిళ్లు మోసే విమానం బతుకు వేరు. సాయంత్రం ఊరు నుంచి పార్సిళ్లను వేరుచేసే కేంద్రానికి, తెల్లవారుజామున కేంద్రం నుంచి ఊరికి, రెండే ప్రయాణాలు. పగలంతా నేల మీదే. అన్ని గంటలు ఊరికే నిలబడే వస్తువు మీద కొత్త విమానం ఖరీదు పెట్టి వడ్డీ కట్టడం చాలాసార్లు లెక్కకు కుదరదు. అందుకే పాత విమానానికి కొన్ని మిలియన్ డాలర్ల మార్పిడి ఖర్చు కలిపినా వారికి అదే గిట్టుబాటు. ఎక్కువ గంటలు, ఎక్కువ దూరాలు ఎగిరే సరకు సంస్థలు కర్మాగారం నుంచే నేరుగా 777 సరకు నమూనాలు కొంటున్నాయి, అక్కడ ఇంధనం లెక్క పైచేయి అవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. 2021 జనవరిలో అమెజాన్ మొదటిసారిగా విమానాలను లీజుకు కాకుండా సొంతానికి కొంటున్నట్టు ప్రకటించింది. అవి 11 బోయింగ్ 767-300లు. ఏడు అమెరికా సంస్థ డెల్టా నుంచి, నాలుగు కెనడా సంస్థ వెస్ట్‌జెట్ నుంచి వచ్చాయి. ఆ వెస్ట్‌జెట్ నాలుగూ అంతకుముందు ఆస్ట్రేలియాలో క్వాంటస్ దగ్గర ఉన్నవే. అంటే ఒకే విమానం రెండు ఖండాల చరిత్రలో మూడు రంగులు మార్చింది. ప్రయాణాలు స్తంభించిన ఆ కరోనా కాలంలో అమ్మేవారికి డబ్బు అవసరం, కొనేవారికి సరకు వెల్లువ. అంతకుముందు ప్రపంచంలో విమానాల ద్వారా వెళ్లే సరకులో దాదాపు సగం ప్రయాణికుల విమానాల కింది అరల్లోనే వెళ్లేది. ఆ విమానాలు నిలిచిపోయేసరికి ఆ సగానికి చోటు లేకుండా పోయింది. మార్పిడి కేంద్రాల ముందు వరసలు అప్పుడు కట్టినవే.

తరవాత గాలి మారింది. కొత్త విమానాలు సమయానికి అందక, కొత్త తరం ఇంజిన్లలో కొన్నిటికి మరమ్మతులు ముంచుకొచ్చి, ప్రయాణికుల సంస్థలు పాతవాటిని వదలకుండా అట్టిపెట్టుకున్నాయి. దాంతో మార్పిడికి దొరికే విమానాల ధర పెరిగింది, ఆర్డర్లు నెమ్మదించాయి. ఇంకో పోటీదారు కూడా ఉన్నాడు: విమానాన్ని విడగొట్టి భాగాలుగా అమ్మేవాడు. పాత 737-800లో విలువంతా దాదాపుగా దాని రెండు ఇంజిన్లలో ఉంటుంది. ఆ ఇంజిన్లకు గిరాకీ పెరిగినప్పుడల్లా సరకు సంస్థ చెల్లించగల ధరకన్నా విడగొట్టేవాడు ఇచ్చే ధరే మెరుగ్గా ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న విమానం అలా ముక్కలైపోవడం చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏ నమూనా ఎంత మోస్తుందన్నది కూడా ముఖ్యమే. 2018లో సేవలోకి వచ్చిన మార్పిడి 737-800 దాదాపు 24 టన్నులు మోస్తుంది. 2020లో ఆస్ట్రేలియా తపాలా కోసం క్వాంటస్ మొదలుపెట్టిన మార్పిడి ఎయిర్‌బస్ ఎ321లో పై డెక్ మీద (ఒకప్పుడు సీట్లున్న అంతస్తులో) 14, కింద 10 కంటెయినర్లు పడతాయి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుల పెట్టెలు తేలికగా, బోలుగా ఉంటాయి, బరువు హద్దు రాకముందే చోటు నిండిపోతుంది, కాబట్టి ఆ వ్యాపారానికి టన్నులకన్నా ఘనపరిమాణమే ముఖ్యం. కొత్తగా తయారయ్యే 767 సరకు విమానం ఉత్పత్తిని 2027లో ఆపేస్తామని బోయింగ్ 2024లో ప్రకటించింది. అది ఆగాక ఆ పరిమాణంలో చోటు నింపేవి మార్పిడి 767లు, ఎ330లే.

జవాబు: పాత పైలాన్

హ్యాంగర్ రాత్రిపాళీ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ చదివినవారికి "సైకిళ్లు తక్కువైతే చాలు" అన్న అభిప్రాయం కలగడం నాకు ఇష్టం లేదు. తనిఖీ విభాగంలో నేను గడిపిన కాలం నాకు నేర్పింది వేరు.

ప్రశ్న అడిగినవారు లూయీవిల్‌ను ప్రస్తావించారు. ఆ ఎండీ-11 1991లో థాయ్ ఎయిర్‌వేస్‌లో ప్రయాణికుల విమానంగా జీవితం మొదలుపెట్టి, 2006లో సరకు విమానంగా మారింది. ప్రమాదం నాటికి 34 ఏళ్లు. రన్‌వే నుంచి పైకి లేస్తుండగానే ఎడమ ఇంజిన్, దాన్ని రెక్కకు కలిపే పైలాన్‌తో సహా ఊడిపోయింది. ముగ్గురు సిబ్బందితోపాటు నేల మీద ఉన్న పలువురు మరణించారు. అమెరికా రవాణా భద్రతా మండలి ప్రాథమిక నివేదికలో ఆ పైలాన్‌ను రెక్కకు బిగించే వెనక కొక్కెం దగ్గర లోహపు అలసట వల్ల వచ్చిన పగుళ్లు కనబడ్డాయని ఉంది. మార్పిడికి కోసిన తలుపు దగ్గర కాదు, బలపరిచిన నేల దగ్గర కాదు. మార్పిడిలో ఎవరూ ప్రత్యేకంగా ముట్టుకోని చోట.

నేను చెప్పదలచుకున్నది ఇదే. మార్పిడి అంటే విమానం అంతా కొత్తదైపోవడం కాదు. మొండెం లోపలి భాగం అణువణువూ చూస్తారు, నిజమే. రెక్కలు, పైలాన్లు, తోక, చక్రాల కాళ్లు మాత్రం తమ పాత తనిఖీ గడువులనే అనుసరిస్తాయి. ఆ గడువులను ఎప్పుడో, అప్పటికి తెలిసిన అనుభవంతో నిర్ణయించారు. విమానం ముప్పై ఏళ్లు దాటాక ఆ అంచనాలు ఇంకా సరైనవేనా అని తయారీదారూ, నియంత్రణ సంస్థా పదేపదే తిరగదోడాలి. ఒక నమూనా తయారీ ఆగిపోయి, అవి ప్రపంచంలో కొద్ది డజన్లే మిగిలినప్పుడు, ఎక్కడ ఏ పగులు వస్తోందో తెలిపే సమాచారం కూడా అంతే పలచబడుతుంది. వేలల్లో ఉన్న 737 విషయంలో ఒకచోట లోపం కనబడితే అందరికీ తెలుస్తుంది. అరుదైన విమానానికి ఆ రక్షణ లేదు. నాకు భయం కలిగించేది వయసుకన్నా ఈ ఒంటరితనమే.

జవాబు: హ్యాంగర్ రాత్రిపాళీ

పాత పైలాన్ గారి సవరణను అంగీకరిస్తున్నాను. నేను మొండెం గురించి రాస్తూ మిగతాదాన్ని పక్కన పెట్టేశాను. మార్పిడి జరిగేటప్పుడు మూడు నాలుగు నెలలు విమానం ఎలాగూ మా చేతిలోనే ఉంటుంది కనుక, పైలాన్ బిగింపులనూ రెక్క మూలాలనూ గడువు రాకపోయినా అప్పుడే పరీక్షించమని కొందరు యజమానులు అడుగుతారు. అడగనివారూ ఉన్నారు. ప్రతి మార్పిడిలోనూ దీన్ని తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం. అదనంగా అయ్యేది కొద్దిరోజుల పనే.

జవాబు: లోడ్‌మాస్టర్ ఒకరు

లోహం గురించి ఇంత చర్చ జరిగింది కాబట్టి సరకు గురించి కూడా రెండు మాటలు రాయాలనిపించింది, ఎందుకంటే మార్పిడి విమానం ప్రమాదాలు కొన్ని వయసుతో సంబంధం లేనివి.

2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్తాన్‌లోని బగ్రామ్ నుంచి లేచిన నేషనల్ ఎయిర్‌లైన్స్ 747-400 కూడా ఒకప్పుడు ప్రయాణికులను మోసి, తరవాత సరకు విమానంగా మారినదే. లోపల ఐదు సైనిక కవచ వాహనాలు ఉన్నాయి. వాటిని బిగించిన విధానం సరిపోలేదు. ముక్కు పైకెత్తి లేస్తుండగా కనీసం ఒక వాహనం వెనక్కి జారి హైడ్రాలిక్ వ్యవస్థలనూ, తోక రెక్కను నడిపే యంత్రాంగాన్నీ దెబ్బతీసింది. విమానంలోని ఏడుగురూ చనిపోయారు. ఆ విమానం నిన్ననే కర్మాగారం నుంచి వచ్చినదైనా ఫలితం అదే అయ్యేది.

అందుకే సరకు ఎక్కించి బిగించే మా పనిలో తొందర అన్న మాటకు చోటు లేదు. తలుపు దగ్గర నేలంతా ఉక్కు బంతులు పరిచి ఉంటాయి, టన్నుల బరువున్న ప్యాలెట్‌ను కూడా ఇద్దరు మనుషులు చేతులతో తిప్పి లోపలికి నెట్టగలరు. అంత తేలికగా కదిలేది గాలిలోనూ అంతే తేలికగా కదులుతుంది. ప్రతి ప్యాలెట్ తన స్థానంలోకి వెళ్లాక నేలలోంచి తాళాలు లేచి దాని అంచును పట్టుకోవాలి, ఆ "టక్" శబ్దం వినబడ్డాక కూడా చేత్తో కుదిపి చూసి మరీ ముందుకు కదులుతాము. వెనక భాగంలో బరువు ముందుగా పడితే తోక నేలకు కూర్చుని ముక్కు లేచిపోతుంది, కాబట్టి తోక కింద ఊతకోల నిలబెట్టాకే పని మొదలవుతుంది.

ప్రయాణికుల విమానంగా పుట్టిన దాని లక్షణాలు కొన్ని చివరిదాకా వెంట వస్తాయి. ఎ330 నేల మీద నిలబడినప్పుడు ముక్కు కొంచెం కిందికి వాలి ఉంటుంది. ప్రయాణికులు దాన్ని గమనించరు. కర్మాగారంలోనే సరకు కోసం తయారైన ఎ330కి ముందు చక్రం అమరిక మార్చి నేలను మట్టం చేశారు, అందుకే దాని ముక్కు కింద ఒక ఉబ్బు కనబడుతుంది. మార్పిడి ఎ330కి ఆ మార్పు ఉండదు. అందులో ప్యాలెట్లను ఎత్తు వైపుకు, అంటే తోక వైపుకు నెట్టాలి, దానికి నేలలో మోటార్లతో తిరిగే చక్రాలు కావాలి.

నిప్పు గురించి ఒక్క మాట. పై డెక్‌లో మంట పుడితే ఆర్పడానికి ఎవరూ వెళ్లరు. పొగ సూచిక మోగగానే గాలి సరఫరా ఆపి, సిబ్బంది ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని, లోపలి పీడనాన్ని తగ్గించేస్తారు, గాలి పలచబడి మంట నీరసించాలన్నది ఉద్దేశం. లిథియం బ్యాటరీల మంటకు ఇది చాలదని 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో కూలిన యూపీఎస్ 747 నిరూపించింది. అది సరకు విమానంగానే తయారైనది. అంటే ఈ బలహీనత పాతవాటికీ కొత్తవాటికీ ఒక్కటే, దీని మీద జరగవలసిన పని ఇంకా చాలా మిగిలి ఉంది.

ప్రశ్న: ఆకాశదీపం

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. లోహం వయసు వేరు, వ్యాపారం వయసు వేరు అన్నది ఇప్పుడు స్పష్టమైంది. పాత పైలాన్ గారు చెప్పిన ఒంటరితనం గురించి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను. 767లు ఇంకా చాలా ఎగురుతున్నాయి కాబట్టి కొంత నిశ్చింతగా ఉంది. చివరగా ఒక చిన్న సందేహం: అమ్మినప్పుడు విమానం రిజిస్ట్రేషన్ మారిపోతుంది కదా, ఫొటోలో ఉన్నది నేను ఎక్కినదే అని ఎలా నిర్ధారించుకోవాలి?

జవాబు: లీజు లెక్కలు

రిజిస్ట్రేషన్ యజమానితో, దేశంతో మారుతుంది. కర్మాగారం ఇచ్చిన క్రమసంఖ్య మాత్రం విమానం ముక్కలయ్యేదాకా మారదు. కొనుగోలు పత్రాలు, తనిఖీ పుస్తకాలు, సైకిళ్ల లెక్క అన్నీ ఆ సంఖ్య మీదే నడుస్తాయి. విమానం మీద బిగించిన లోహపు పలక మీద కూడా అదే చెక్కి ఉంటుంది. మీ పాత బోర్డింగ్ పాస్ మీద ఆ సంఖ్య ఉండదు గాని, ప్రయాణించిన తేదీ, విమాన సంఖ్య ఉంటాయి. ఆ రోజు ఆ మార్గంలో ఏ రిజిస్ట్రేషన్ విమానం ఎగిరిందో విమానాల కదలికలు నమోదు చేసే వెబ్‌సైట్లలో వెతకండి. అక్కడి నుంచి క్రమసంఖ్య దొరుకుతుంది. ఫొటోలోని విమానం క్రమసంఖ్య కూడా అదే అయితే, అది మీరు ఎక్కినదే.